నిప్పుల బకెట్టు ఇచ్చిన గుడారం

పాడేరు దగ్గర వంజంగి కొండ కింద మేం దిగిన గుడారం చూడ్డానికి బాగానే ఉంది. డిసెంబరు రెండో వారం. ఇద్దరికి 1,500 రూపాయలు. పరుపు, రగ్గులు, రాత్రికి బొంగులో చికెన్. చికెన్‌కి వంక పెట్టలేం. తొమ్మిదింటికి చలి ముదిరాక గుడారాలాయన ఇనప బకెట్లో నిప్పులు తెచ్చి, "లోపల పెట్టుకుని జిప్పు వేసేయండి సార్, వెచ్చగా ఉంటాది" అన్నాడు. మా బావ అందుకోబోయాడు. నేను బయటే పెట్టించాను.

మూసిన చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన లేదు, పొగలా కళ్లు మండవు. తలనొప్పి, మగత, ఆపైన నిద్ర. అలా పడుకుని లేవనివాళ్ల వార్తలు చలికాలం వస్తే పేపర్లో చూస్తూనే ఉంటాం. "అందరూ పెట్టుకుంటారండీ" అని ఆయన నొచ్చుకున్నాడు. బావైతే వణుకుతూ నన్నే తిట్టుకున్నాడు.

అసలు చలి నేలలోంచి వస్తోంది. ఇచ్చిన పరుపు పలచన, కింద చాప కూడా లేదు. ఉన్న మూడు రగ్గుల్లో రెండు కింద పరిచి ఒకటే కప్పుకున్నాక ఇద్దరికీ నిద్ర పట్టింది. చెమట పట్టిన నూలు చొక్కా విప్పేసి పొడిది వేసుకోవడం కూడా పనికొచ్చింది.

తెల్లవారుజామున కొండెక్కేటప్పుడు మంచుకి తడిసిన ఎర్రమట్టి సబ్బులా జారింది. టార్చి చేతిలో పట్టుకోకుండా తలకి కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పైనుంచి మేఘాలు ఎలా కనిపించాయో ఫొటోల్లో అందరూ చూసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఈసారి వెళ్తే మాత్రం పాడేరులో గోడలున్న మామూలు లాడ్జిలో దిగి, మూడున్నరకే బయల్దేరతాను.

అంతకుముందు ఆగస్టులో కటికి జలపాతానికి వెళ్లినప్పుడు సేవ అంటే ఏమిటో తెలిసింది. బొర్రా దగ్గర జీపు మాట్లాడుకున్నాం. ఎగుడుదిగుడు దారి, నడుం విరిగింది, అడిగిన ధర కూడా ఎక్కువే. కానీ దారి చూపించడానికి మా వెంట వచ్చిన ఊరి కుర్రాడికి ఎంతిచ్చినా తక్కువే. మేం నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, "బాబూ, నీరు రంగు మారతంది, లెగండి" అన్నాడు. మా నెత్తిన ఎండే ఉంది, చినుకు కూడా లేదు. చూస్తే నీళ్లలో ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. కాసేపటికే మేం కూర్చున్న బండ మునిగిపోయింది. వాన ఎగువ కొండల్లో పడిందన్నమాట. ఆ రాత్రి లాడ్జిలో దోమతెరకి చిల్లులు. మన్యంలో వానాకాలం మలేరియా ఉంటుంది కాబట్టి సొంత దోమతెర సంచిలో వేసుకోవాల్సిందే.

ఏప్రిల్ ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బొర్రా గుహలోపల చల్లగా ఉంది, బయట ఎండ మాడ్చేసింది. సాయంత్రం అనంతగిరి దగ్గర గాలివాన అందుకుంది. మెరుపు మెరిసిన దగ్గర్నుంచి లెక్కపెడితే తొమ్మిదో సెకనుకి ఉరుము. మూడు సెకన్లకి కిలోమీటరు చొప్పున పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. టీ కొట్టు పక్కన చెట్టు కిందికి జనం పరిగెత్తారు. మేం వాళ్లని కేకేసి, పట్టినంతమందిని కారులో కూర్చోబెట్టుకుని అద్దాలెత్తేశాం. ఘాట్ దిగేటప్పుడు మా డ్రైవరు బ్రేకు మీద కాలు మోపి ఉంచకుండా రెండో గేరులో దించాడు. ఆయన నంబరు దాచుకున్నాను.

బావ ఇప్పుడు అక్టోబరులో వెళ్దామంటున్నాడు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖని కొట్టింది అక్టోబరు 12నే. అందుకే పాడేరులో రెండు లాడ్జిలకి ఫోన్ చేసి, తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్సు వెనక్కిస్తారా అని అడిగాను. మొదటాయన ఫోన్ పెట్టేశాడు. రెండో ఆయన, "హెచ్చరిక ఉంటే మేమే రావద్దంటాం సార్" అన్నాడు. గది అక్కడే తీసుకున్నాం.