మెట్ మ్యూజియం సైట్‌లో ఫ్రీగా దొరికే మైకెలాంజెలో స్టడీ: డౌన్‌లోడ్ సూపర్, ప్రింట్‌కే తిప్పలు

బొమ్మలు నేర్చుకుంటున్నవాళ్ళు ఇంకో అనాటమీ బుక్ కొనేముందు ఒకసారి న్యూయార్క్ మెట్ మ్యూజియం వెబ్‌సైట్‌కి వెళ్ళండి. కాపీరైట్ అయిపోయిన బొమ్మల ఫొటోలు 2017 నుంచి ఓపెన్ యాక్సెస్ కింద ఫ్రీగా ఇస్తున్నారు, లాగిన్ లేదు ఓటీపీ లేదు వాటర్‌మార్క్ లేదు, బటన్ నొక్కితే పెద్ద ఫైల్ దిగిపోతుంది.

నేను దింపుకున్నది లిబియన్ సిబిల్ (పాత కథల్లో జోస్యం చెప్పే ఆవిడ) బొమ్మ కోసం మైకెలాంజెలో వేసుకున్న స్టడీ, అంటే అసలు బొమ్మకి ముందు గీసుకున్న స్కెచ్. వాటికన్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద (1508-12 మధ్య వేసిందే) పెద్ద పుస్తకం పట్టుకుని నడుము తిప్పి కూర్చుంటుంది కదా, ఆవిడే. ఈ కాగితం మీద మాత్రం ఆవిడ కాదు, ఆయన! మగ మోడల్‌ని కూర్చోబెట్టి ఎర్ర చాక్‌తో వీపు కండలన్నీ ఒక్కోటి తేల్చుకుని, బట్టలు తర్వాత పైకప్పు మీద వేసేటప్పుడు కట్టాడు. జూమ్ చేస్తే ఎడమ భుజం మీద తెల్ల చాక్ కాస్త తగిలించింది కూడా కనిపిస్తుంది. నాకు మతి పోయింది మాత్రం కాలి వేళ్ళ దగ్గర, బరువు ఆనేది ఆ ఎడమ పాదం వేళ్ళ మీదే కాబట్టి వాటినే పక్కన మళ్ళీ మళ్ళీ వేశాడు, అంటే అంతటోడికి కూడా ఒక్క దెబ్బకి కుదర్లేదన్నమాట (నా స్కెచ్‌బుక్కులో పాదాలన్నీ గడ్డి వెనకాల దాక్కుని ఉంటాయి, అది వేరే కథ).

ఇక ప్రింట్. అసలు కాగితం 28.9 × 21.4 సెంటీమీటర్లే, అంటే దాదాపు ఏఫోర్ అంతే, వెడల్పే ఒక నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ. మా వీధి చివర షాపతను నా మీద ప్రేమతో ఏత్రీ నిండా సాగదీసి, "డల్‌గా ఉంది సార్, కొంచెం కలర్ పెంచా" అని గ్లాసీ పేపర్ మీద కొట్టిచ్చాడు. ఎర్ర చాక్ కాస్తా కుంకుమ అయి కూర్చుంది, ట్యూబ్‌లైట్ కింద పెడితే వీపు మీద కండలకి బదులు నా మొహం కనిపిస్తోంది. రెండోసారి మ్యాట్ పేపర్, హండ్రెడ్ పర్సెంట్ సైజ్, కలర్ ముట్టుకోవద్దు అని పక్కనే నిలబడి చెప్పా, అప్పుడొచ్చింది. మీరూ నిలబడండి, వాట్సాప్‌లో ఫైల్ పంపేసి ఊరుకోవద్దు.

బట్టల మడతలు కావాలంటే మాత్రం పారిస్ లూవ్ర్ మ్యూజియం సైట్‌కి పోవాలి, 2021లో వాళ్ళ కలెక్షన్ అంతా ఆన్‌లైన్ పెట్టారు, అందులో లియోనార్డో నార గుడ్డ మీద కుంచెతో వేసిన డ్రేపరీ స్టడీ ఉంది, కూర్చున్న మనిషి ఒళ్ళో జారిన బట్ట, తల లేదు చేతుల్లేవు. మట్టి బొమ్మ చేసి దాని మీద మట్టిలో ముంచిన గుడ్డ పరిచి చూసి వేసేవాడని, ఆ కాలపు చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు. నేను మట్టి జోలికి పోకుండా నాన్న పాత పంచెకి గంజి చిక్కగా పెట్టి కుర్చీ మీద వేసి ఆరబెట్టా, మడత ఎక్కడ పడిందో అక్కడే రెండు రోజులు బిగుసుకుని ఉంది, పక్కన టేబుల్ లైట్ పెట్టి ఆరు స్కెచ్‌లు లాగా. మూడో రోజు అమ్మ ఇస్త్రీ చేసేసింది.