గోడకి విసరాలా, బ్యాటర్‌కి వెయ్యాలా?

విజయనగరంలో స్కూల్ జట్టుకి సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట)లో బ్యాటర్‌కి బంతి వేసే పాప ప్రాక్టీస్‌లో చక్కగా వేస్తుంది. మ్యాచ్‌లో మాత్రం గురి తప్పుతుంది. అప్పుడు డ్రిల్స్ (గోడకి మళ్లీ మళ్లీ విసరడం) పెంచాలా, బ్యాటర్‌ని నిలబెట్టి మ్యాచ్ వాతావరణం కల్పించాలా?

ఖర్చు: డ్రిల్‌కి బంతి, గోడ చాలు. రెండోదానికి బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ మాస్క్‌తో, హెల్మెట్‌తో బ్యాటర్ కావాలి.

శ్రమ: డ్రిల్ పాప ఒక్కతే చేసుకోగలదు. రెండోదానికి నలుగురిని పోగుచెయ్యాలి, సెలవుల్లో అదే పెద్ద పని.

రిస్క్: కింద నుంచి విసిరినా భుజం అలసిపోతుంది. రెండింటిలోనూ బంతులు లెక్కపెట్టండి, నొప్పంటే ఆపేయండి.

ఫలితం: అసలు తేడా ఇక్కడే. డ్రిల్‌లో బంతి వెంట బంతి పడుతుంది, చెయ్యి లయలో ఉంటుంది. మ్యాచ్‌లో బంతికీ బంతికీ మధ్య ఆగాలి, ఆ ఖాళీలోనే టెన్షన్ దూరుతుంది. స్ట్రయిక్ (బ్యాటర్ కొట్టదగ్గ చోటుకి వెళ్లే బంతి) పడాలన్న ఆత్రంలో చేతి వేగం తగ్గించి బంతిని 'పెడుతుంది'. అందుకే బ్యాటర్‌ని నిలబెట్టి, మూడు బాల్స్ (గురి తప్పిన బంతులు), రెండు స్ట్రయిక్‌లు పడ్డాయి, బేస్‌లన్నీ రన్నర్లతో నిండాయి (ఇంకో బాల్ పడితే అవతలి జట్టుకి పరుగు) అని చెప్పి ఒక్క బంతే వేయించండి. ప్రతిసారీ వెనక్కి నడిచి, ఊపిరి వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యలో మోచేతి గురించి ఉపన్యాసం వద్దు (నాన్నలకి ఇది కష్టమే).

ప్రాక్టీస్‌లోనూ బంతి అటూ ఇటూ పోతుంటే, లేదా ఈమధ్యే చెయ్యి తిప్పడం మార్చుకుంటే డ్రిల్. మ్యాచ్‌లో మాత్రమే చెదిరితే బ్యాటర్. టోర్నమెంట్ వారంలో పద్ధతి మార్చే పని పెట్టుకోకండి.