ఎటనర్సెప్టా, అడాలిముమాబా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవాళ్లకు పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, కాఫీ గ్లాసు కూడా పట్టు చిక్కదు. కీళ్లలో ఆ వాపును ఎగదోసే సైటోకైన్లలో, అంటే రక్షణ కణాలు వదిలే సంకేత ప్రోటీన్లలో, ముఖ్యమైనది టీఎన్ఎఫ్. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ అనే ఈ రెండు ఇంజెక్షన్లూ దాన్నే పట్టుకుంటాయి. పట్టే తీరే వేరు.

అమెరికాలో 1998లో అనుమతి పొందిన ఎటనర్సెప్ట్ ఒక ఉత్తుత్తి గ్రాహకం (కణం మీద టీఎన్ఎఫ్ అతుక్కునే చోటుకు నకలు). కణానికి అతుక్కోవాల్సిన టీఎన్ఎఫ్ దీనికి అతుక్కుపోతుంది. 2002లో వచ్చిన అడాలిముమాబ్ టీఎన్ఎఫ్‌ను పట్టుకునేలా తయారుచేసిన యాంటీబాడీ. పేగుల్లో వచ్చే క్రోన్స్ వ్యాధికి ఇది పనిచేస్తుంది, ఎటనర్సెప్ట్ పనిచేయదు. కంటిలోపలి వాపు యువైటిస్‌కూ అడాలిముమాబ్‌దే పైచేయి.

మామూలుగా ఎటనర్సెప్ట్ వారానికి 50 మిల్లీగ్రాములు, అడాలిముమాబ్ రెండు వారాలకు 40. సూదంటే టెన్షన్ పడేవాళ్లకు రెండోదే హాయి. 2014లో జైడస్ కంపెనీ అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను, అంటే దాన్ని దాదాపుగా పోలిన మందును, మన దేశంలో తెచ్చింది కూడా.

కానీ మన దగ్గర అసలు ప్రశ్న క్షయ. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిముల చుట్టూ రక్షణ కణాలు కట్టిన గోడ నిలబడాలంటే టీఎన్ఎఫ్ కావాలి. దాన్ని అడ్డుకుంటే క్రిములు లేచి కూర్చోవచ్చు. ఈ ప్రమాదం ఎటనర్సెప్ట్‌తో తక్కువ, అయినా ఏది మొదలుపెట్టినా ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పవు. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉంటే నేనైతే డాక్టర్‌ని ముందు ఎటనర్సెప్ట్ గురించే అడుగుతాను.