పాత కారుకు క్లాంపు ఇండికేటర్ స్విచ్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

స్టీరింగ్ కాలమ్‌కు పట్టీతో బిగించే సిగ్నల్-స్టాట్ 900 తరహా ఇండికేటర్ స్విచ్‌లో చూసి మురిసిపోయేంత అందమేమీ ఉండదు. అరచేతిలో పట్టే లోహపు డబ్బా, పక్కనుంచి ఒక లివరు, కింద ఏడు వైర్లు, స్టీరింగ్ కాలమ్ చుట్టూ బిగించడానికి ఒక స్టీలు పట్టీ. అమెరికాలో ట్రక్కుల కోసం చేసిన సరుకు. అయినా పాత ఫోర్డ్‌లను హాట్ రాడ్‌లుగా (ఇంజను మార్చి వేగం పెంచిన పాత కార్లుగా) మలిచేవాళ్లు దశాబ్దాలుగా దీన్నే పట్టుకుని ఉన్నారు. 1932 ఫోర్డ్‌కు కంపెనీ నుంచి ఇండికేటర్లే రాలేదు. కాలమ్ లోపల స్విచ్ పెట్టడానికి చోటూ లేదు. బ్యూయిక్ 1939లో ఫ్యాక్టరీ నుంచే ఇండికేటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు తయారైన అమెరికన్ బండికి సాధారణంగా స్విచ్ పైనుంచి తగిలించుకోవాల్సిందే.

హైదరాబాదులో ఈ అవసరం వేరే రూపంలో వస్తుంది. విల్లీస్ జీపులు, స్విచ్ అరిగిపోయిన మార్క్ 2 అంబాసిడర్లు, ఫైబర్ బాడీతో కట్టిన రోడ్‌స్టర్లు. వీటన్నిటికీ మా సలహా ఒకటే. లోహపు బాడీ ఉన్న ఏడు వైర్ల క్లాంపు స్విచ్ కొనండి. దిగుమతి సుంకం, కొరియర్ కలుపుకుంటే ధర చేదుగానే ఉంటుంది, కానీ ఒక్కసారి పెట్టే ఖర్చు. అదే ఆకారంలో ఆన్‌లైన్‌లో దొరికే చౌక ప్లాస్టిక్ నకళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. మే నెలలో ఎండలో నిలిపిన ఓపెన్ బండిలో ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, లివరు గాడి పట్టు వదిలేస్తుంది, కుడికి వేసిన ఇండికేటర్ గతుకు తగలగానే మధ్యకు వచ్చేస్తుంది. లోపలి కాంటాక్టులు కూడా పలుచని రేకు. హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణికే ఏర్పాటు) కాసేపు నడిస్తే వేడెక్కి రంగు మారతాయి.

మిగతా దారులు కూడా చూద్దాం. ఐడిడిట్, ఫ్లేమింగ్ రివర్ లాంటి కంపెనీలు స్విచ్ లోపలే ఉన్న రెడీమేడ్ కాలమ్‌లు అమ్ముతాయి. మలుపు అయ్యాక ఇండికేటర్ దానంతట అదే ఆగుతుంది, వైరింగ్ 1969 తర్వాతి జీఎం (జనరల్ మోటార్స్) పద్ధతిలో ఉంటుంది. రంగులు గుర్తుపెట్టుకుంటే చాలు: పర్పుల్ ఇండికేటర్ ఫ్లాషర్‌కు (బల్బులను మిణికించే రిలేకు), బ్రౌన్ హజార్డ్ ఫ్లాషర్‌కు, తెలుపు బ్రేకు స్విచ్‌కు, లేత నీలం ఎడమ ముందు, ముదురు నీలం కుడి ముందు, పసుపు ఎడమ వెనక, ముదురు ఆకుపచ్చ కుడి వెనక, నలుపు హారనుకు. స్టీరింగ్ అంతా ఎలాగూ మారుస్తున్నవాళ్లకు ఇదే మేలు. ఒక్క స్విచ్ కోసం కాలమ్ మార్చడం మాత్రం దండగ.

పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో అంబాసిడర్ స్విచ్ అడిగి తెచ్చుకుని ఇంకో కాలమ్‌కు తగిలించే పద్ధతీ ఉంది. వెలుగుతుంది, కానీ ఆటోమేటిక్‌గా ఆగాలంటే ఆ బండి స్టీరింగ్ హబ్ మీదున్న పిన్ను కావాలి. వేరే హబ్‌తో అది వట్టి లివరు మాత్రమే. ఇక డ్యాష్‌బోర్డు మీద మూడు స్థానాల టాగుల్ స్విచ్. బోసిగా ఉన్న డ్యాష్‌కు నప్పుతుంది, చౌక, పాడవదు. హజార్డ్‌కు ఇంకో స్విచ్ కావాలి, బ్రేకు లైటూ ఇండికేటరూ ఒకే బల్బులో ఉంటే అసలు పనికిరాదు. పైగా స్టీరింగ్ మీంచి చెయ్యి తీయాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అది ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

క్లాంపు స్విచ్‌కు ఇంకో సుగుణం ఉంది. కాలమ్‌కు రంధ్రం పడదు, విప్పితే గుర్తు కూడా మిగలదు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలో, పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండికే వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు ప్లేటు. ఇంజనూ ఛాసిసూ మార్చిన హాట్ రాడ్‌కు ఆ తలుపు ఎలాగూ మూసుకుపోయినట్టే. ఒరిజినల్‌గా ఉంచుకున్న ల్యాండ్‌మాస్టర్‌కో, మారిస్ మైనర్‌కో మాత్రం డ్రిల్లు పెట్టే ముందు ఆలోచించండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ స్విచ్ అమెరికా పద్ధతికి పుట్టింది. అక్కడ వెనక ఒకే ఎర్ర బల్బు బ్రేకు లైటుగానూ ఇండికేటర్‌గానూ పనిచేస్తుంది. అందుకే బ్రేకు వైరు కూడా స్విచ్‌లోకి వస్తుంది. ఎడమకు వేస్తే స్విచ్ ఎడమ వెనక బల్బును బ్రేకు నుంచి విడదీసి ఫ్లాషర్‌కు ఇస్తుంది, కుడి బల్బు మాత్రం బ్రేకు మీదే ఉంటుంది. మన దగ్గర ఇండికేటర్ కాషాయ రంగులో ఉండాలి, కాబట్టి వెనక ఎర్ర గ్లాసులో మిణుకుమిణుకుమనేది పనికిరాదు. వెనక విడిగా కాషాయ ల్యాంపులు పెట్టండి. పెట్టాక స్విచ్‌లోంచి వచ్చే బ్రేకు వైరును దేనికీ కలపకుండా, కొస మీద ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వేసి మడిచి కట్టేయండి. బ్రేకు పెడల్ స్విచ్ నుంచి వైరు నేరుగా ఎర్ర బల్బులకు వెళ్లాలి. కిట్‌తో వచ్చిన డయాగ్రామ్‌ను కళ్లు మూసుకుని పాటించే ఎలక్ట్రీషియన్ ఇక్కడే బోల్తా పడతాడు: బ్రేకు తొక్కగానే వెనక కాషాయ ల్యాంపులు రెండూ నిలకడగా వెలుగుతాయి, ఎర్ర లైట్లు చీకట్లో ఉంటాయి.

వైర్ల రంగులు ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటాయి, నకళ్లలో అయితే పెట్టెలోని కాగితానికీ వైర్లకీ పొంతనే ఉండదు. రంగు నమ్మొద్దు, మల్టీమీటరును బీపు మీద పెట్టి చూడండి. లివరు మధ్యలో ఉన్నప్పుడు మూడు వైర్లు ఒకదానితో ఒకటి బీపుమంటాయి: ఒకటి బ్రేకు, మిగతా రెండూ వెనక ల్యాంపులవి. లివరు ఎడమకు తోస్తే మూడు వైర్లు కలుస్తాయి: ఫ్లాషర్, ఎడమ ముందు, ఎడమ వెనక; వాటిలో మొదటి గుంపులోనూ ఉన్నది ఎడమ వెనక. కుడికి కూడా అంతే; రెండు వైపులా కనిపించేది ఫ్లాషర్, మొదటి గుంపులో చివరికి మిగిలింది బ్రేకు. హజార్డ్ ట్యాబు లాగితే ఫ్లాషర్ వైరు నాలుగిటితోనూ కలవాలి. మిగిలిన ఏడో వైరు మోడల్‌ను బట్టి మారుతుంది. దాన్ని కాగితం చూసే కలపండి. చూసిన ప్రతి వైరుకూ అక్కడికక్కడే పేరు రాసిన టేపు చుట్టండి. ఈ పని బల్ల మీదే పూర్తి చేయండి, డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని కాదు.

బిగించే ముందు బ్యాటరీలో ఎర్త్ అయిన (ఛాసిస్‌కు కలిపిన) టెర్మినల్ తీసేయండి. కాలమ్ వ్యాసం కాలిపర్‌తో కొలవండి. కాలమ్ సన్నగా ఉంటే పట్టీ కింద పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక చుట్టు చుడితే జారదు, పెయింటూ గీరుకోదు. పట్టీ మరీ బలంగా బిగిస్తే పాత కాలమ్ పలుచని రేకు గొట్టం లోపలికి నొక్కుకుంటుంది, లోపలి షాఫ్టుకు రాసుకుంటుంది; స్టీరింగ్ తిప్పితే గరగరమంటే పట్టీ వదులు చేయండి. లివరు కొన స్టీరింగ్ చక్రం అంచు కంటే కొంచెం లోపలికి, వేళ్లకు అందేంత దూరంలో ఉండాలి. చక్రాన్ని ఇటు చివరి నుంచి అటు చివరి వరకు తిప్పి చూడండి.

కాలమ్ గేరు ఉన్న పాత అంబాసిడర్, పద్మినీల్లో గేరు లివరు ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఇండికేటర్ లివరు కుడివైపుకు రావాలి. అలా తిప్పినప్పుడు ఎడమ, కుడి వైర్లు మార్చాలేమోనని చాలామంది గాభరాపడతారు. అక్కర్లేదు. చక్రం ఏ దిశలో తిరుగుతుందో లివరూ అదే దిశలో కదలాలన్నదే నియమం: ఎడమవైపున్న లివరు పైకి తోస్తే కుడి, కుడివైపున్న లివరు కిందికి లాగితే కుడి. స్విచ్‌ను కాలమ్ చుట్టూ తిప్పితే ఈ వరస చెడదు.

వైర్లను కాలమ్ వెంట దించి స్లీవులో వేయండి. క్లచ్, యాక్సిలరేటర్ లింకేజీ, ఎగ్జాస్టు దగ్గరికి రానివ్వద్దు. డ్యాష్ కింద ఒక మల్టీపిన్ కప్లర్ పెడితే రేపు స్విచ్ విప్పడం సులువు. తెంపి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టే పని మాత్రం ఒప్పుకోవద్దు: ఒక్క ఎండాకాలంలో జిగురు కారిపోయి టేపు ఊడొస్తుంది. క్రింపు చేసిన లగ్గు, దానిమీద ష్రింక్ స్లీవు. ల్యాంపులకు 1 చదరపు మిల్లీమీటరు వైరు చాలు, ఫ్లాషర్ ఫీడుకు 1.5 తీసుకోండి. ఇండికేటర్ సప్లై ఇగ్నిషన్ నుంచి, 10 యాంపుల ఫ్యూజుతో. హజార్డ్‌కు విడి ఫీడు ఉన్న స్విచ్ అయితే అది నేరుగా బ్యాటరీ నుంచి, 15 యాంపులతో. తాళం తీసినా అది పనిచేయాలి.

ఫ్లాషర్ విషయానికి వస్తే, 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 యాంపులు తాగుతుంది. ఒక పక్క రెండు బల్బులకు 3.5, హజార్డ్‌లో నాలుగిటికి 7. రెండు పిన్నుల పాత థర్మల్ ఫ్లాషర్ ఈ కరెంటుతోనే వేడెక్కి తెరుచుకుని మూసుకుంటుంది. అందుకే ఎల్ఈడీ ల్యాంపులు పెడితే బల్బులు మిణకవు, నిలకడగా వెలుగుతాయి. ఒక బల్బు పోతే వేగం మారుతుంది, అదీ ఇందుకే. మూడు పిన్నుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెట్టేస్తే ఈ గొడవ ఉండదు, కానీ లోడుతో సంబంధం లేనిదే అడిగి తీసుకోండి. 49 అని రాసి ఉన్న పిన్నుకు సప్లై, 49ఎ నుంచి స్విచ్‌కు, 31 అయితే ఎర్త్. కొన్నిటి మీద బి, ఎల్, ఇ అక్షరాలుంటాయి. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య మిణికితే సరిగ్గా ఉన్నట్టు.

స్విచ్ పాడైందని తీసి పారేసే కేసుల్లో అసలు దోషి చాలాసార్లు ఎర్త్. పాత బండ్లలో మడ్‌గార్డు బోల్టు గుండానే ల్యాంపుకు ఎర్త్ వెళ్లేది. దానిమీద మందంగా కొత్త పెయింటు పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది. ఫైబర్ బాడీకి అయితే ఆ దారే లేదు. లక్షణం సులువుగా పట్టుకోవచ్చు: ఇండికేటర్ వేస్తే ఆ పక్క పార్కు లైటు కూడా దాంతోపాటు మినుకుతుంటే, రెండు ఫిలమెంట్ల బల్బు హోల్డర్‌కు ఎర్త్ లేదు, కరెంటు రెండో ఫిలమెంటు గుండా వెనక్కి దారి వెతుక్కుంటోంది. ప్రతి ల్యాంపు నుంచీ విడి ఎర్త్ వైరు ఛాసిస్‌కు తీసుకెళ్లి, పెయింటు గీకిన చోట రింగు లగ్గుతో బిగించండి. ల్యాంపు వెలుగుతుండగా హోల్డర్ లోహానికీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ చూడండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఇంకా గీకాలి.

డ్యాష్ మీద ఒకే పైలట్ బల్బు (ఇండికేటర్ నడుస్తోందని డ్రైవరుకు చూపే బల్బు) ఉంటే ఇంకో తంటా. ఎడమ, కుడి వైర్ల మధ్య దాన్ని కలిపే పాత పద్ధతి ఫిలమెంటు బల్బులతో బాగానే పనిచేస్తుంది, ఎదుటి పక్క బల్బుల గుండా ఎర్త్ దొరుకుతుంది కాబట్టి. ఎల్ఈడీలు పెట్టాక ఆ కొద్ది కరెంటుకే ఎదుటి పక్క కూడా వెలిగి నాలుగూ మిణుకుతాయి. కోఠి గుజరాతీ గల్లీలో రెండు 1ఎన్4007 డయోడ్లు (కరెంటును ఒకే దిశలో వదిలేవి) తెచ్చుకోండి. ఎడమ వైరుకు ఒకటి, కుడి వైరుకు ఒకటి. గీత ఉన్న కొసలు రెండూ కలిపి పైలట్‌కు, పైలట్ రెండో కొస ఎర్త్‌కు.

పైలట్ బల్బును తక్కువగా చూడకండి. ఈ స్విచ్ దానంతట అదే ఆగదు. రబ్బరు చక్రం హబ్‌కు రాసుకుని ఆగే పాత రకాలు ఉండేవి, ఆ రబ్బరు గట్టిపడి జారడమే వాటి కథ. జంక్షన్లు మూసి యూటర్న్‌లు పెట్టిన హైదరాబాదులో కుడి ఇండికేటర్ వేసి తిరిగాక, దాన్ని ఆపడం మర్చిపోయి కిలోమీటరు నడిపేస్తారు. సైలెన్సర్ సరిగా లేని వి8 ఇంజను హోరులో ఫ్లాషర్ టిక్కుటిక్కు వినపడదు. కంటికి సూటిగా పడేచోట పెద్ద పచ్చ పైలట్ పెట్టి, దానికి సమాంతరంగా 12 వోల్టుల చిన్న బజరు కలపండి.

6 వోల్టుల బండిని అలాగే ఉంచుకుంటే కరెంటు రెట్టింపు అవుతుంది, వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లు పడాలి, ఫ్లాషరూ బల్బులూ 6 వోల్టులవే కావాలి. బల్బుల్లో 1154 రెండు ఫిలమెంట్లది, 1129 ఒకే ఫిలమెంటుది. క్లాంపు స్విచ్‌కు మాత్రం వోల్టేజీతో పేచీ లేదు. పాజిటివ్ ఎర్త్ బండి (బ్యాటరీ పాజిటివ్‌ను ఛాసిస్‌కు కలిపినది) అయితే మామూలు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కాలిపోవచ్చు, థర్మల్‌దే వాడండి. పైన చెప్పిన డయోడ్లను కూడా తిప్పి పెట్టాలి, గీత ఉన్న కొసలు ఎడమ, కుడి వైర్ల వైపు.