కొరియా టూరు బస్సు ఆగే కాస్మెటిక్స్ దుకాణంలో ఏమీ కొనకండి

దక్షిణ కొరియాకు గ్రూపు టూరులో వస్తున్న మన వాళ్లందరికీ ఒక మాట. మీ బస్సు ఏదో ఒక రోజు ఒక కాస్మెటిక్స్ దుకాణం ముందు ఆగుతుంది. కార్యక్రమంలో దానికి రకరకాల పేర్లు ఉంటాయి, ప్రదర్శనశాల అనో, చర్మ సంరక్షణ కేంద్రం అనో. లోపలికి వెళ్లండి, చూడండి, వాళ్లిచ్చే టీ తాగండి. పర్సు మాత్రం తీయకండి. మంచి క్రీములు, సీరమ్‌లు, సన్‌స్క్రీన్‌లు న్యాయమైన ధరకు అమ్మే దుకాణాలు సియోల్‌లో వీధికి రెండున్నాయి. బస్సు ఆగిన చోటు వాటిలో ఒకటి కాదు.

నేను ఉద్యోగరీత్యా సియోల్ దగ్గరి సువోన్ నగరంలో ఉంటున్నాను. ఈ మధ్య చెర్రీ పూల కాలంలో మా పిన్ని, బాబాయి విజయవాడ నుంచి గ్రూపు టూరులో వచ్చారు. నామి దీవి, ఎవర్‌ల్యాండ్, రాజప్రాసాదాలు అన్నీ బాగానే చూపించారు. చివరి రోజుకు ముందు రోజు మాత్రం జిన్సెంగ్ దుకాణం, ఆ తర్వాత కాస్మెటిక్స్ దుకాణం. సాయంత్రం హోటల్‌లో కలవడానికి వెళితే పిన్ని సంతోషంగా ఒక పెద్ద సంచి తెచ్చి చూపించింది. పీలింగ్ జెల్ (చర్మం మీద రుద్ది కడిగేసేది), యాంప్యూల్ (గాఢమైన సీరమ్), క్రీము, చిన్న చిన్న ప్యాకెట్ల కిట్టు. బిల్లు 3,80,000 వోన్లు. మన లెక్కలో దాదాపు 23,000 రూపాయలు. ఆ బ్రాండు పేరు ఇక్కడ ఉండే నేను ఎప్పుడూ వినలేదు. ఫోన్లో వెతికితే ఏ పెద్ద దుకాణంలోనూ అది లేదు.

అమ్మిన తీరు పిన్ని మాటల్లో విన్నాక నాకు కోపం ఆగలేదు. మొదట ఒక చిన్న కెమెరా బుగ్గకు ఆనించి, తెర మీద చర్మం చూపించారట. అంత పెద్దది చేసి చూపిస్తే ఎవరి చర్మమైనా గుంతలు, మచ్చలతోనే కనిపిస్తుంది, పాలుగారే పసిబుగ్గ తప్ప. అది చూసి భయపడిన మనిషికి పీలింగ్ జెల్ రాసి రుద్దారు. చేతి మీద బూడిద రంగు ఉండలు రాలాయి. "చూశారా, ఇన్నేళ్ల మురికి" అన్నారట.

అది మురికి కాదు. ఆ జెల్‌లో కార్బోమర్ లాంటి చిక్కదనమిచ్చే పదార్థం, కొన్నిట్లో సెల్యులోజ్, దానితో పాటు ఇంకొక రసాయనం ఉంటాయి. రుద్దినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి కలిసి ఉండలు కడతాయి. చేతికున్న దుమ్ము కొంత వాటికి అంటి బూడిద రంగు వస్తుంది, అంతే. పిన్నికి నమ్మకం కలగడానికి హోటల్ గదిలోనే శుభ్రంగా కడిగి తుడిచిన పళ్లెం మీద అదే జెల్ వేసి వేలితో రుద్దాను. అక్కడా ఉండలు రాలాయి. పళ్లేనికి ఇన్నేళ్ల మురికి ఎక్కడిది? ఇలాంటి జెల్ సాధారణ దుకాణంలో 10,000 వోన్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. వాళ్లు వేసింది 90,000.

ఇంకా బాధ కలిగించిన మాట ఇంకొకటి. పిన్నిది చామనఛాయ. ఆ యాంప్యూల్ రెండు వారాలు వాడితే రంగు తేలుతుందని, మందు కంటే బాగా పనిచేస్తుందని చెప్పారట. కాస్మెటిక్స్‌ను ఔషధంలా పనిచేస్తాయని ప్రచారం చేయడాన్ని కొరియా చట్టం నిషేధించింది. మచ్చలు తగ్గించే, చర్మం కాంతిగా కనిపించేలా చేసే ఉత్పత్తులకు ఇక్కడ ప్రత్యేక వర్గం ఉంది. ఆహార, ఔషధ భద్రతా మంత్రిత్వ శాఖ గుర్తించిన పదార్థాలు, వాటి మోతాదులు కూడా నిర్ణయించి ఉన్నాయి. నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ముడతలకైతే అడెనోసిన్ 0.04 శాతం, ఇలాగ. ఆ వర్గానికి చెందిన ఉత్పత్తి పెట్టె మీద ఆ సంగతి ముద్రించి ఉంటుంది. పిన్ని కొన్న యాంప్యూల్ పెట్టె మీద అది లేనే లేదు. నియాసినమైడ్ సీరమ్ మామూలు దుకాణంలో 20,000 వోన్లకు వస్తుంది. దానికోసం ఒక మనిషిని కూర్చోబెట్టి నీ రంగులో లోపముంది అని చెప్పడం నాకు మోసం కంటే పెద్ద తప్పుగా తోచింది.

అసలు కిటుకు పెట్టెల దగ్గర ఉంది, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. బిల్లు అయ్యాక అమ్మకందారే జెల్, యాంప్యూల్ పెట్టెలు విప్పి, సీలు తీసి, "వాడే పద్ధతి చూపిస్తాను" అంది. తర్వాత "సూట్‌కేసులో స్థలం కలిసొస్తుంది" అంటూ ఖాళీ పెట్టెలను పక్కన పడేయబోయింది. బాబాయికి ఏ వస్తువు పెట్టెనూ పారేయని అలవాటు ఉండటంతో అవి దక్కాయి. సీలు తీసిన వస్తువును ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. పదార్థాల జాబితా, గడువు తేదీ, తయారీదారు పేరు పూర్తిగా ఉండేది పెట్టె మీదే. పెట్టె పోతే మీ చేతిలో ఆధారమూ పోయినట్లే. పన్ను వాపసుకు కూడా వస్తువు వాడకుండా ఉండాలి.

క్రీము గడువు ఇంకో మూడు నెలల్లో ముగుస్తోంది. చిన్న ప్యాకెట్ల కిట్టు మీద ఇది అమ్మకానికి కాదు అని కొరియన్‌లో స్పష్టంగా రాసి ఉంది. రసీదులో మాత్రం దానికి 30,000 వోన్లు వేశారు. వినియోగదారులు ముందుగా వాడి చూడటానికని తయారు చేసిన నమూనాలను అమ్మడం ఇక్కడి కాస్మెటిక్స్ చట్టం ప్రకారం నిషిద్ధం. చివరికి మాకు ఉపయోగపడింది ఈ ఒక్క అంశమే. దుకాణానికి ఫోన్ చేస్తే గైడును అడగమన్నారు, గైడు దుకాణాన్ని అడగమన్నాడు. అప్పుడు 1330కి ఫోన్ చేశాం. అది కొరియా పర్యాటక సహాయ నంబరు, రోజంతా పనిచేస్తుంది, ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. రసీదులో నమూనాల పేరు ఉందని చెప్పాక దుకాణం వాళ్ల స్వరం మారింది. క్రీముకు, కిట్టుకు డబ్బు కార్డుకు తిరిగి వేశారు. సీలు తీసిన రెండింటికీ ఒక్క వోన్ కూడా రాలేదు.

టూరు ధర తక్కువగా చూపించి, ఆ లోటును దుకాణాల కమిషన్‌తో పూడ్చుకోవడం ఆసియా పర్యాటకంలో పాత పద్ధతే. టూరు కంపెనీకి డబ్బు కట్టే ముందే "దుకాణాల దగ్గర ఎన్నిసార్లు ఆపుతారు, అక్కడ కొనడం తప్పనిసరా" అని రాతపూర్వకంగా అడగండి. అలాంటి దుకాణంలో గంట కూర్చోబెడితే, కొనకుండా బయటికి రావడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఎదుటివాళ్లు అంతసేపు శ్రమపడ్డారు కదా అనుకుంటారు. ఆ మొహమాటం మీదే వాళ్ల వ్యాపారమంతా నడుస్తోంది. అక్కా, పిన్నీ, అత్తయ్యా అని మీ ఇంట్లో ఎవరైనా వస్తుంటే ఈ సంగతి ముందే చెవిన వేయండి.

మరి ఎక్కడ కొనాలి? ఆలివ్ యంగ్ అనే కాస్మెటిక్స్ గొలుసు దుకాణాలు సియోల్‌లో చాలా మెట్రో స్టేషన్ల దగ్గర ఉన్నాయి. ధర ప్రతి వస్తువు కిందా రాసి ఉంటుంది, ఎవరూ వెంటపడరు. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో వాళ్ల పెద్ద తగ్గింపు అమ్మకాలు ఉంటాయి, మీ ప్రయాణం కలిసొస్తే మంచిదే. చవక వస్తువుల దుకాణం డైసోలో ఏ వస్తువైనా 5,000 వోన్లకు మించదు, అక్కడా పేరున్న కంపెనీల చిన్న సైజు ఉత్పత్తులు దొరుకుతాయి. కొనే ముందు ఒక ఐదు నిమిషాలు ఫోన్ చూడండి. హ్వాహే అనే యాప్‌లో కొరియా వాళ్లు రాసిన అభిప్రాయాలు, పదార్థాల వివరాలు ఉంటాయి. అక్కడ ఒక్క అభిప్రాయం కూడా లేని ఖరీదైన బ్రాండును వెంటనే పక్కన పెట్టండి.

సియోల్‌లో పర్యాటకులు షాపింగ్‌కు వెళ్లే మ్యోంగ్‌డాంగ్ వీధుల్లో దుకాణాల వాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉచితంగా షీట్ మాస్కు చేతిలో పెట్టి లోపలికి పిలుస్తారు. "నమస్తే" అని కూడా అంటారు. తీసుకోవడం తప్పు కాదు, కానీ పది కొంటే పది ఉచితం అన్నప్పుడు విడిగా ఒక్క మాస్కు ధర ఎంతో చూసి లెక్క కట్టండి. నత్త జిగురు క్రీములు, సన్‌స్క్రీన్‌లు రాశులుగా పోసి ఉన్నచోట గడువు తేదీ తప్పకుండా చదవండి. ఇక్కడ తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు వస్తాయి. కొన్ని ఉత్పత్తుల మీద గడువు ఉంటుంది, కొన్నిటి మీద తయారీ తేదీ, తెరిచాక ఎన్ని నెలలు వాడవచ్చో ఉంటాయి. రెండు రకాల తేదీలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఫోన్లో పాపగో అనే అనువాద యాప్ తెరిచి కెమెరా పెట్టండి. ఆ తేదీ దేనిదో చెప్పేస్తుంది.

ఫౌండేషన్, కుషన్ (డబ్బీలో స్పాంజితో వచ్చే ఫౌండేషన్) విషయంలో ఇంకా జాగ్రత్త. కొరియాలో ఎక్కువగా అమ్ముడయ్యే షేడ్లు 21, 23 నంబర్లవి. రెండూ మన చర్మానికి చాలావరకు తెల్లగా పడతాయి. దుకాణం లైటు కింద బాగుందని తీసుకోకండి. దవడ దగ్గర రాసి బయట ఎండలోకి వచ్చి చూసుకోండి.

డబ్బు దగ్గర రెండు సంగతులు. కార్డు యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా, వోన్లలోనా అని అడిగితే వోన్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు వాళ్లు నిర్ణయిస్తారు, మీకు నష్టం. రెండోది పన్ను వాపసు. ధరలో 10 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది. 2024 నుంచి 15,000 వోన్లు దాటిన బిల్లుకు విదేశీ పర్యాటకులు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. రుసుము పోగా చేతికి వచ్చేది పదికి కొంత తక్కువే ఉంటుంది. చాలా దుకాణాల్లో పాస్‌పోర్టు చూపిస్తే అక్కడికక్కడే తగ్గిస్తారు. మిగతా చోట్ల వాపసు రసీదు విడిగా ఇస్తారు, దాన్ని విమానాశ్రయంలో చూపించాలి. పిన్నికి ఆ దుకాణం వాళ్లు "మా దగ్గర పన్ను లేదు" అని చెప్పి ఏ రసీదూ ఇవ్వలేదు. పన్ను లేదన్న మాట విన్న వెంటనే వాపసు రసీదు అడగండి.

హైదరాబాద్‌కు సియోల్ నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట విమానం మారాలి. 100 మిల్లీలీటర్లు దాటిన టోనర్లు, ఎసెన్సులు చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసి పడేస్తారు. అన్నీ పెద్ద సూట్‌కేసులోనే సర్దండి. సీసా మూతలకు టేపు వేయండి. ఇంటికి వెళ్లాక ఏ కొత్త క్రీమైనా మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూశాకే ముఖానికి రాయండి. రెటినాల్ ఉన్నవి రాత్రి మాత్రమే.

ఇప్పటికే ఇలాంటి చోట కొని ఉంటే, కొరియాలో ఉండగానే కదలండి. పెట్టెలు, రసీదు, ఆ చిన్న ప్యాకెట్లు అన్నిటికీ ఫోటోలు తీయండి. ఇంకా విప్పని వాటిని విప్పకండి. ఆ తర్వాత 1330కి ఫోన్ చేసి, దుకాణం పేరు, కొన్న తేదీ, బిల్లు మొత్తం చెప్పి ఫిర్యాదు నమోదు చేయమని అడగండి. మ్యోంగ్‌డాంగ్ చుట్టుపక్కల ఉంటే పర్యాటక పోలీసులు కూడా కనిపిస్తారు, వాళ్లకు రసీదు చూపించవచ్చు. విమానం ఎక్కాక మీ తరఫున అడిగేవాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు.