టోనర్ రీఫిల్ చేయిస్తున్నారా? వేస్ట్ తీయకుండా పౌడర్ పోసే షాపులతో జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు నడిపేవాళ్లు, స్కూలు ఆఫీసుల్లో ప్రింటర్లు చూసుకునేవాళ్లు ఇది ఒకసారి చదవండి. హెచ్‌పీ 1020, ఎం1005, కెనాన్ ఎల్‌బీపీ 2900 మిషన్లకు వాడే 12ఏ, 303 కార్ట్రిడ్జ్‌లను ఐదు నిమిషాల్లో నింపిస్తామనే షాపులున్నాయి. ఆ ఐదు నిమిషాల్లో చేసే పనల్లా సోల్డరింగ్ ఐరన్‌తో డబ్బాకు కన్నం పెట్టి, పౌడర్ పోసి, పైన టేపు వేయడం.

కార్ట్రిడ్జ్‌లో పౌడర్‌ను అక్షరంగా కాగితం మీదికి ఎక్కించే గుండ్రటి గొట్టమే డ్రమ్ము. కాగితం మీదికి ఎక్కకుండా దాని మీద మిగిలిపోయిన పౌడర్‌ను వైపర్ బ్లేడు గీకి పక్క అరలోకి నెడుతుంది. అదే వేస్ట్. కన్నం పెట్టినవాడు ఆ అర జోలికే పోడు. మొదటిసారి తేడా తెలియదు. ఇంకోసారి, మరోసారి నింపేసరికి అర నిండి పౌడర్ కారడం మొదలవుతుంది. పేజీ అంచున నల్ల మరకలు, మధ్యలో చుక్కలు, మిషన్ లోపలంతా పొడి. అప్పుడు తీసుకెళ్తే ‘డ్రమ్ము పోయిందండీ’ అని ఇంకో బిల్లు. కొందరు వేస్ట్ తీస్తారు గానీ దాన్నే జల్లించి మళ్లీ పోస్తారు, ఇది ఇంకా దరిద్రం. అందులో కాగితం నలుసులు ఉంటాయి, ఛార్జ్ సరిగా పట్టదు, అక్షరం బూడిద రంగులో తేలిపోతుంది.

అందుకే ఇచ్చేసి వచ్చేయబాకండి, దగ్గరుండి విప్పించండి. రెండు పక్కల పిన్నులు తీస్తే కార్ట్రిడ్జ్ రెండు ముక్కలవుతుంది. డ్రమ్ము బయటికి తీయగానే నల్లగుడ్డలో చుట్టాలి, వెలుతురు తగిలితే దెబ్బతింటుంది. దాని మీద వేలు పెట్టకూడదు, స్పిరిట్ అసలే పూయకూడదు. పీసీఆర్‌ను, అంటే డ్రమ్ముకు ఛార్జ్ ఎక్కించే రోలర్‌ను, నూలు రాలని పొడిగుడ్డతో తుడవాలి. వైపర్ బ్లేడు స్క్రూలు రెండూ విప్పి, వేస్ట్ మొత్తం దులిపి, బ్లేడు అంచు తుడిచి బిగించాలి. రెండో ముక్కలో, అంటే మ్యాగ్నెట్ రోలర్ ఉన్న వైపు, 12ఏ అయితే సుమారు 100 గ్రాముల పౌడర్ పడుతుంది. బిగించాక డ్రమ్మును మిషన్‌లో తిరిగే వైపుకే చేత్తో తిప్పాలి. వెనక్కి తిప్పితే వైపర్ మడతపడుతుంది.

ఏ మిషన్‌కు ఏ పౌడరో కూడా అడగండి. 12ఏలో పౌడర్‌ను పట్టి ఉంచేది అయస్కాంతం. బ్రదర్ ప్రింటర్ల పౌడర్‌కు ఆ గుణం లేదు, పోస్తే రోలర్ మీద నిలవక రాలిపోతుంది. ‘అన్నిటికీ ఒకటే పౌడర్’ అన్న షాపులోంచి వెంటనే వచ్చేయండి.

డబ్బులిచ్చే ముందు పది పేజీలు తీయించి, స్కేలు పెట్టి చూడండి. ఒకే మచ్చ సుమారు 75 మిల్లీమీటర్లకోసారి వస్తుంటే తప్పు డ్రమ్ముది, 38కోసారి వస్తుంటే పీసీఆర్‌ది. పేజీ మొత్తం నల్లగా వచ్చిందంటే పీసీఆర్‌కు కరెంటు అందడం లేదు, కాంటాక్ట్ సరిచేస్తే చాలు. దానికి కొత్త డ్రమ్ము అంటగడితే ఒప్పుకోబాకండి.

‘కొత్త కంపాటిబుల్’ (అదే మిషన్‌కు పట్టేలా వేరే కంపెనీ చేసిన కార్ట్రిడ్జ్) అని పెట్టెలో పెట్టి అమ్మేవాటిలోనూ పాతవి నింపినవి ఉంటాయి. కొత్తదానికి పక్కన లాగే సీల్ పట్టీ ఉండాలి. పట్టీ లేకపోయినా, స్క్రూల తలలు అరిగి ఉన్నా, డ్రమ్ము మీద సన్నగీతలున్నా అక్కడే తిరిగి ఇచ్చేయండి.

ఇంకొకటి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు ముసురు పడితే కాగితం చెమ్మపట్టి ప్రింటు మచ్చలు మచ్చలుగా వెలిసిపోతుంది. ఆ రోజుల్లో చాలామంది మంచి కార్ట్రిడ్జ్‌నే రీఫిల్‌కు పట్టుకెళ్తారు, షాపువాడు కాదనడు. ముందు కొత్త కాగితాల కట్ట విప్పి రెండు పేజీలు తీసి చూడండి.

ఇప్పటికే పౌడర్ కారి ఉంటే ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పెట్టబాకండి, సన్నపొడి దాని ఫిల్టర్లోంచి గదిలోకే వచ్చేస్తుంది. స్విచ్ ఆపి, మిషన్ చల్లారాక పొడిగుడ్డతో తుడవండి. చేతులు, బట్టలు చన్నీళ్లతోనే కడగండి. వేడినీళ్లు తగిలితే పౌడర్ మెత్తబడి అతుక్కుపోతుంది.