పంచదార బిళ్ళ సినిమా: పద్నాలుగేళ్ళు చూశాక

హాలీవుడ్ తార లానా టర్నర్ ఈ సినిమా మొత్తం మీద ఒక్కసారి కూడా "నాకూ తెలుసులెండి ఇది ఎలాంటి సినిమానో" అన్నట్టు మొహం పెట్టదు. ఈ డీవీడీ మీద నాకున్న ప్రేమకి కారణం అదొక్కటే. మిగతావాటిలో చాలా వాటికి ఇప్పుడు మార్కులు తగ్గించేశాను.

సినిమా పేరు "ది బిగ్ క్యూబ్", 1969. క్యూబ్ అంటే ఎల్‌ఎస్‌డీ, అంటే కళ్ళ ముందు లేనిపోని రంగులు, భ్రమలు చూపించే మత్తుమందు, చుక్క వేసిన పంచదార బిళ్ళ. నాటకాలు మానేసి డబ్బున్నాయన్ని పెళ్ళి చేసుకున్న నటి లానా. ఆయన పోతాడు. సవతి కూతురు, దాని ప్రియుడు కలిసి ఈవిడ నిద్రమందులో ఎల్‌ఎస్‌డీ కలుపుతారు. ఆ ప్రియుడు జార్జ్ చకీరిస్, "వెస్ట్ సైడ్ స్టోరీ"కి ఆస్కార్ తెచ్చుకున్న మనిషి! కెమెరా గాబ్రియేల్ ఫిగెరోవా. "నైట్ ఆఫ్ ది ఇగ్వానా"కి ఆస్కార్ నామినేషన్ అందుకున్న చెయ్యి ఇక్కడ పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లలా రంగులు మారుస్తూ కూర్చుంది. మెక్సికోలో తీశారు.

1946లో "ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్"లో తెల్లబట్టలతో గుమ్మంలో నిలబడి జనాన్ని వెర్రెత్తించినావిడ, నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఈ రంగుల మధ్య కేకలు పెడుతుంది. మనవైపు హీరోయిన్ వయసు దాటితే అమ్మ వేషమో అత్త వేషమో సిద్ధంగా ఉంటుంది. అక్కడ 1962లో బెటీ డేవిస్, జోన్ క్రాఫోర్డ్ కలిసి చేసిన "బేబీ జేన్" అనే హారర్ సినిమా ఆడాక, వయసు మళ్ళిన తారలకి భయపెట్టడమో భయపడడమో పనైపోయింది. కుర్రకారు కోసం మత్తుమందు కథలు మొదలయ్యాక ఆ భయానికి రంగులు కూడా తోడయ్యాయి. లానా మాత్రం ఎదురుగా ఎవరో గొప్ప డైరెక్టరు ఉన్నట్టే చేస్తుంది. మొదట్లో నవ్వాను. ఇప్పుడూ నవ్వుతాను, కానీ ఆవిణ్ణి చూసి కాదు.

ఇక డిస్కు సంగతి. 2010లో మా మరిది న్యూజెర్సీ నుంచి తెచ్చాడు, మూడు సినిమాల డబ్బా. మా ప్లేయర్‌లో పెడితే రీజియన్ తప్పంటుంది. రీజియన్ అంటే ఏ ప్రాంతానికి అమ్మిన డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడాలని పెట్టిన తాళం. అమెరికా డిస్కు ఒకటో రీజియను, మనది ఐదో రీజియను. వీధి చివర సీడీల షాపు అబ్బాయి రిమోట్‌తో ఏవేవో నంబర్లు నొక్కి, "అక్కా, ఇది లొంగదు" అనేశాడు. ల్యాప్‌టాప్‌లో రీజియను మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. నేను ఒకటికి మార్చాను. పిల్లల కార్టూన్ సినిమా ఐదోది, వాళ్ళు మళ్ళీ ఐదుకి మార్చారు. నేను ఒకటి. వాళ్ళు ఐదు. చివరి ఛాన్సు నా చేతికొచ్చింది, ఒకటి నొక్కేశాను. ఆ రోజు నించి ఆ ల్యాప్‌టాప్ ఒకటో రీజియనులోనే బిగుసుకుపోయింది. పిల్లలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తెలుగు డీవీడీలకి ఈ గొడవ లేదు కాబట్టి ఇంట్లో పరువు కొంత దక్కింది. తర్వాత బ్యాటరీ పోయింది, కీబోర్డులో సగం పోయింది, అయినా టీవీ పక్కన వైరు తగిలించుకుని ఉంది. లానా టర్నర్ కోసమే అది బతికుందని మా ఆయన అంటూ ఉంటారు.

అలా టీవీకి తగిలించి చూస్తున్న ఒక మధ్యాహ్నం మా అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. ఇంగ్లీషు రాదు. నేను నవ్వుతూ కథ చెప్పబోయాను. "ఉండవే, నాకు తెలుస్తూనే ఉంది" అన్నారు. వీలునామా దగ్గరే పట్టేశారు: "ఈవిడ ఒప్పుకోకుండా పెళ్ళి చేసుకుంటే ఆ పిల్లకి ఆస్తి రాదన్నమాట." సరిగ్గా అదే. రంగులు తిరగడం మొదలయ్యాక నేను అలవాటుగా నవ్వాను. అత్తయ్య నావైపు చూసి, "ఏంటే ఆ నవ్వు? మందు పెట్టారు పాపం దానికి" అన్నారు. మందు పెట్టడం అంటే మా ఊళ్ళల్లో ఏమిటో తెలిసినవాళ్ళకి నేను విడమర్చక్కర్లేదు. ఎల్‌ఎస్‌డీ అన్న మాట ఆవిడ వినలేదు, కానీ లానా మొహంలో ఉన్నది ఆవిడకి అందింది. "మన సినిమాల్లో సవతి తల్లి పిల్లని ఏడిపిస్తుంది, ఇక్కడ పిల్లే తల్లిని" అని సాయంత్రం దాకా అదే తలుచుకున్నారు. చివర్లో లానాకి పోయిన జ్ఞాపకం తిరిగి తెప్పించడానికి తన కథనే నాటకంగా ఆడిస్తారు. నాకు పరమ తలతిక్కగా ఉండే ఆ భాగం అత్తయ్యకి చాలా న్యాయంగా అనిపించింది.

అప్పట్లో "మూడు సినిమాలూ చూడాల్సిందే" అని ఊరంతా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. "బిగ్ క్యూబ్" మొదటి సగం సాగుతుంది, కుర్రాళ్ళ పార్టీల దగ్గర నేను కాఫీ కలుపుకోవడానికి లేస్తాను. "ట్రాగ్", 1970, జోన్ క్రాఫోర్డ్ ఆఖరి సినిమా. గుహ మనిషికి ఆవిడ పాఠాలు చెప్పే సీన్లు తప్ప మళ్ళీ చూడలేదు. మధ్యలో వచ్చే డైనోసార్లు 1956 నాటి వేరే సినిమాలోంచి తెచ్చి అతికించినవి. మూడోది, 1950 నాటి "కేజ్‌డ్", ఆడవాళ్ళ జైలు కథ, నిజంగా మంచి సినిమా. ఎలినార్ పార్కర్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దాన్ని ఈ గుంపులో ఎందుకు కలిపారో నాకింకా మింగుడు పడలేదు.

కొనమంటారా అంటే, నా దగ్గర బిగుసుకుపోయిన ల్యాప్‌టాప్ ఉంది, పక్కన కూర్చునే అత్తయ్య ఉన్నారు. మీకు రెండూ లేకపోతే అరగంటలో ఆపేస్తారేమో. ఉంటే లానా వచ్చేదాకా ఓపిక పట్టండి. పోయిన సంక్రాంతికి మా తోడికోడలు వచ్చినప్పుడు అత్తయ్యే అడిగారు, "ఆ మందు పెట్టిన సినిమా పెట్టవే, దీనికి చూపిద్దాం" అని. ల్యాప్‌టాప్ ఆన్ అవడానికి పదకొండు నిమిషాలు పట్టింది.